ఇంటి పనికి పనివాళ్లని విడివిడిగా మాట్లాడుకోవడం: వెతకడం దగ్గర్నుంచి ఆఖరి పేమెంట్ దాకా

పాత ఇల్లు బాగు చేయించుకోవాలంటే రెండు దారులు. ఒకటి, అంతా ఒకే కాంట్రాక్టరుకి అప్పజెప్పి తాళాలు చేతికిచ్చేయడం. రెండోది, తాపీ మేస్త్రీ, ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వడ్రంగి, పెయింటర్, ఇలా ఎవరికి వాళ్లని మనమే వెతుక్కుని మాట్లాడుకోవడం. రెండో దారిలో డబ్బు మిగులుతుందంటారు, నిజమే, చాలాసార్లు మిగులుతుంది. కానీ కాంట్రాక్టరు వేసుకునే ఆ మార్జిన్ ఊరికే తీసుకునేది కాదు. ఒకరి పని అయ్యాక ఇంకొకరిని రప్పించడం, ఒకరు చేసింది ఇంకొకరు పాడు చేయకుండా చూడడం, తప్పు జరిగితే ఎవరిదో తేల్చడం, ఈ తలనొప్పి అంతటికీ కలిపి తీసుకునే డబ్బు అది. దాన్ని మిగుల్చుకున్నామంటే ఆ ఉద్యోగం మన నెత్తిన పడిందని అర్థం.

నాకు ఈ సంగతి బాత్రూమ్‌లో తెలిసొచ్చింది. కొత్త కమోడ్‌కి గోడ నుంచి పైపు మధ్య దాకా ఎంత దూరం ఉండాలో పెట్టె మీద రాసి ఉంది, ప్లంబర్ టేపు పెట్టి సరిగ్గా అంతే కొలిచి పైపు పెట్టాడు. కొలిచింది మాత్రం ఒట్టి ఇటుక గోడ నుంచి. తర్వాత ఆ గోడకి ప్లాస్టరింగ్ 15 మిల్లీమీటర్లు, దాని మీద టైల్ గమ్ 5, టైల్ 10, మొత్తం 3 సెంటీమీటర్లు గోడ ముందుకొచ్చేసింది. కమోడ్ పెట్టబోతే వెనక ట్యాంకు గోడకి తన్నుతోంది, కింద పైపు మీద కూర్చోవట్లేదు. ప్లంబర్ని అడిగితే "కొలత ప్రకారమే పెట్టాను సార్" అన్నాడు. టైల్స్ మేస్త్రీని అడిగితే "గోడ ఎక్కడుంటే అక్కడ టైల్ వేస్తాను, పైపు సంగతి నాకెందుకండీ" అన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. టైల్ వేశాక గోడ ఎక్కడికొస్తుందో అక్కడి నుంచి కొలవమని చెప్పాల్సిన మనిషిని నేను, చెప్పలేదు. అతికించి నాలుగు రోజులు కాని టైల్స్ నేనే దగ్గరుండి పగలగొట్టించాను.

అప్పట్నుంచీ నేను చూసిందేంటంటే, పనివాళ్లని విడివిడిగా పెట్టుకున్నప్పుడు గొడవ ఎవరి పని మధ్యలోనూ రాదు, ఒకరి పని ఇంకొకరి పనితో కలిసే చోట వస్తుంది. అందుకే వెతకడమైనా, మాట్లాడడమైనా, డబ్బివ్వడమైనా ఆ అతుకుల్ని దృష్టిలో పెట్టుకునే చేయాలి.

మొదటి పని: ఎవరికీ ఫోన్ చేయకండి, కాగితం తీయండి

గది గదికీ తిరిగి ఏం మారాలో రాసుకోండి. "వంటగది బాగు చేయాలి" అని రాస్తే లాభం లేదు. పాత గట్టు తీయాలి, సింకు కిటికీ కిందకి జరపాలి, రెండు ప్లగ్ పాయింట్లు పెరగాలి, గోడకి ఇంత ఎత్తు దాకా టైల్స్, ఇలా రాయాలి. తర్వాత ప్రతి వరస పక్కనా ఎవరి పనో రాయండి. చాలా వాటికి సులువుగానే పేరు పడుతుంది, పేరు పడనివి కొన్ని మిగులుతాయి చూడండి, అసలు చిక్కంతా అక్కడే. ఉదాహరణకి:

- వైర్ల కోసం గోడకి గాడి కొట్టేది ఎలక్ట్రీషియనే, దాన్ని మళ్లీ సిమెంటుతో పూడ్చేది ఎవరు?
- వంటగట్టు రాయికి సింకు కోసం కోత పెట్టేది రాయి వేసేవాడా, ప్లంబరా?
- టైల్స్‌కి కుళాయిల చిల్లులు ఎవరు వేస్తారు? వేస్తుంటే టైల్ పగిలితే ఎవరి ఖాతా?
- పగలగొట్టిన మట్టీ పెంకులూ కిందకి దింపి బయటికి పంపించేది ఎవరు?
- కొత్త తలుపు పెట్టాక ఫ్రేముకీ గోడకీ మధ్య సందు పూడ్చేది వడ్రంగా, మేస్త్రీనా?

ఇవి ముందే రాసుకోకపోతే పని రోజున ప్రతి ఒక్కరూ "అది మాది కాదండీ" అంటారు, అప్పుడు విడిగా కూలీని పెట్టుకుని రెట్టింపు ఇచ్చి చేయించుకోవాలి.

గోడ తీసేసే ఆలోచన ఉంటే మాత్రం మేస్త్రీ మాట మీద వెళ్లొద్దు. పై కప్పు బరువు మోసే గోడా, ఊరికే అడ్డుగోడా అన్నది స్ట్రక్చరల్ ఇంజనీర్ వచ్చి చూసి చెప్పాలి. ఇల్లు బాగా పాతదైతే రేకుల్లో, పైపుల చుట్టూ ఆస్బెస్టాస్, పాత పెయింటులో సీసం ఉండొచ్చు, వాటిని పొడిగా గీకినా కోసినా ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి ముందు పరీక్ష చేయించండి. అనుమతులు ఏమైనా కావాలంటే అవీ ఇప్పుడే.

రెండో పని: వరస

ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది తెలియకుండా ఎవరికీ తేదీ ఇవ్వకూడదు. మామూలుగా నడిచే వరస ఇది: పగలగొట్టడం, కొత్త గోడలు కట్టడం, తర్వాత గోడల్లో పైపులూ వైర్ల గొట్టాలూ, వాటిని పరీక్ష చేయడం, పూడ్చి ప్లాస్టరింగ్, తడి గదులకి వాటర్‌ప్రూఫింగ్, టైల్స్, సీలింగ్, లప్పం, ప్రైమర్, పెయింట్ ఒక కోటు, వడ్రంగి పని, కుళాయిలూ స్విచ్‌లూ బిగించడం, చివరికి పెయింట్ ఆఖరి కోటు. ఇందులో గమనించండి, ప్లంబరూ ఎలక్ట్రీషియనూ రెండేసి సార్లు వస్తారు. బేరం ఆడేటప్పుడే రెండు రాకలూ చెప్పి రేటు మాట్లాడుకోవాలి, లేకపోతే రెండోసారి రమ్మన్నప్పుడు వేరే సైట్‌లో ఉన్నానంటారు.

మధ్యలో ఆగాల్సిన రోజులు కూడా లెక్కేసుకోండి. సిమెంటు ప్లాస్టరింగ్‌ని కనీసం 7 రోజులు తడుపుతూ ఉండాలి, పెయింట్ వేసే ముందు దాదాపు 4 వారాలు ఆరనివ్వాలి. తొందరపడి తడి గోడ మీద పెయింట్ కొట్టిస్తే అది పొరలుగా లేచొస్తుంది, పెయింటర్ మేస్త్రీనంటాడు, మేస్త్రీ పెయింటర్నంటాడు. తప్పు క్యాలెండర్ది, అంటే మనదే.

మూడో పని: వెతకడం

తెలిసినవాళ్లని అడగడం, పక్కింట్లో పని జరుగుతుంటే వెళ్లి చూడడం, హార్డ్‌వేర్ షాపులో అడగడం, ఇవి అందరికీ తెలిసినవే. షాపువాళ్లు చెప్పే మనిషి ఒక్కోసారి నిజంగా మంచివాడు, ఒక్కోసారి ఆ షాపుకి సరుకు ఎక్కువ కొనిపించేవాడు. ఆన్‌లైన్‌లో కనిపించే ఫోటోలు ఎవరింటివో దేవుడికే ఎరుక.

నాకు అన్నిటికన్నా పనికొచ్చిన పద్ధతి వేరే ఉంది. ఒక పనివాడి గురించి అతని తర్వాత వచ్చి పని చేసేవాడిని అడగండి. గోడ ఎవరు సాఫీగా పూస్తారో పెయింటర్‌కి తెలుసు, ఎందుకంటే వంకర గోడకి లప్పం రుద్దీ రుద్దీ చేతులు పడిపోయేది అతనికే. ఏ ప్లంబర్ పైపులు ఎక్కడ పడితే అక్కడ వదిలేస్తాడో టైల్స్ మేస్త్రీని అడిగితే చెప్తాడు. టైల్స్ ఎవరు మూలమట్టానికి వేస్తారో వడ్రంగికి తెలుసు, మూల తిన్నగా లేని గదిలో అల్మరా కూర్చోబెట్టి చూసినవాడు కాబట్టి. ఒక మంచి పనివాడు దొరికితే చాలు, వెనక్కి అడుక్కుంటూ పోతే జట్టు మొత్తం దొరుకుతుంది. పైగా వాళ్లు ఇంతకుముందు కలిసి పని చేసి ఉంటారు కాబట్టి సగం అతుకులు వాళ్లే చూసుకుంటారు. ఒక్క జాగ్రత్త, అందరూ ఒకే ఇంటి బంధువులైతే ఒకరి తప్పు ఇంకొకరు కప్పేసే అవకాశమూ ఉంది.

చేసిన పని చూపించమంటే మొన్న పూర్తయింది చూపిస్తారు. అది కాదు, ఒక ఏడాదో రెండేళ్లో అయిన పని చూపించమనండి. కొత్తప్పుడు ఎవరి పనైనా మెరుస్తుంది. పాతదైతే బాత్రూమ్‌లో టైల్స్ మధ్య సందుల్లో నింపిన గ్రౌట్ ఊడిందా, మూలల్లో నీళ్లు నిలిచిన చార ఉందా, తలుపుల మధ్య సందు పైనుంచి కింద దాకా ఒకేలా ఉందా, స్విచ్‌బోర్డులు ఒకే ఎత్తులో ఉన్నాయా, ఇవన్నీ ఇట్టే కనిపిస్తాయి. ఆ ఇంటివాళ్లని ఒకే ఒక ప్రశ్న అడగండి: పని అయ్యాక ఏదైనా తేడా వచ్చి ఫోన్ చేస్తే వచ్చారా?

ఎలక్ట్రీషియన్‌కి, గ్యాస్ లైన్ వేసేవాళ్లకి లైసెన్సు ఉందో లేదో చూడండి, మొహమాటం వద్దు.

నాలుగో పని: పిలిచి మాట్లాడడం

ఒక్కో పనికి ముగ్గురిని పిలవండి, ముగ్గురికీ అదే కాగితం చూపించండి. ముగ్గురికీ మూడు రకాలుగా పని చెప్పి ముగ్గురి రేట్లు పోల్చుకుంటే ఆ పోలికకి అర్థం లేదు. ఎవరైనా ఇంటికి రాకుండా ఫోన్లోనే రేటు చెప్పేస్తే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

మీరు అడిగే ప్రశ్నల కన్నా వాళ్లు అడిగే ప్రశ్నలు ముఖ్యం. నేల ఫైనల్ లెవెల్ ఎక్కడికొస్తుంది, టైల్ మందం ఎంత, కమోడ్ కొనేశారా, మెయిన్ బోర్డు ఎక్కడుంది, ముందు చేసిన ప్లంబర్ ఎవరు, ఇలా అడిగేవాడు పక్కవాడి పని గురించి ఆలోచిస్తున్నాడన్నమాట. ప్రతిదానికీ "అయిపోతుంది సార్, మీరు టెన్షన్ పడకండి" అనేవాడి దగ్గరే నాకు టెన్షన్ మొదలవుతుంది.

ఇక మీరు తప్పకుండా అడగాల్సినవి: మాట్లాడడానికొచ్చిన మీరే పని చేస్తారా, వేరేవాళ్లని పంపిస్తారా? ఇప్పుడు చేతిలో ఎన్ని సైట్లున్నాయి? రోజుకి ఎంతమంది వస్తారు? పనిముట్లు, పరంజా, కటింగ్ మెషిన్ మీవేనా? పనిలో ఎవరికైనా దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ ఏమైనా ఉందా? మొదటి ప్రశ్నకి నిజాయితీగా "నేను రోజూ ఒకసారి వచ్చి చూస్తాను, చేసేది మా కుర్రాళ్లు" అన్నా పర్వాలేదు, అప్పుడు ఆ కుర్రాళ్లు చేసిన పని చూడాలి మనం.

బాగా తక్కువ చెప్పినవాడిని వెంటనే ఖాయం చేసేయకండి. ఏం వదిలేస్తే ఆ రేటు వచ్చిందో అడగండి. చాలాసార్లు మనం పేరు రాయలేకపోయిన ఆ అతుకు పనులే వదిలేసి ఉంటారు.

ఐదో పని: రేటు ఎలా కట్టాలి

రోజుకూలీ, కొలత లెక్క, మొత్తం గుత్త, ఈ మూడింటిలో ఏది మంచిదని అడిగితే, పనిని బట్టి. పాత గోడ విప్పితే లోపల ఏముందో తెలియని పనులకి రోజుకూలీ న్యాయం, కానీ దగ్గర కూర్చోగలిగితేనే. టైల్స్, పెయింట్, ప్లాస్టరింగ్‌కి కొలత లెక్క బాగుంటుంది. పాయింట్లు లెక్కపెట్టగలిగిన ప్లంబింగ్, వైరింగ్‌కి గుత్త సరిపోతుంది.

కొలత లెక్కయితే ఏది కొలుస్తారో ముందే తేల్చుకోండి. తలుపులూ కిటికీల ఖాళీ తీసేస్తారా, కలుపుతారా? కిటికీ పక్కల లోపలి మడతలు, గోడ అడుగున వేసే స్కర్టింగ్ పట్టీ, మెట్ల అంచులు విస్తీర్ణంలో వస్తాయా, పొడవు లెక్కన విడిగానా? ఒకే రేటు చెప్పిన ఇద్దరు మేస్త్రీల బిల్లులు వేరుగా రావడానికి కారణం ఇదే. పని అయ్యాక ఇద్దరూ కలిసి టేపు పట్టాలని కూడా అనుకోండి.

మెటీరియల్ మీరే కొనడం మంచిది, కనిపించకుండా లోపల పోయే పైపులు, వైర్లు అయితే మరీ. ఎంత కొనాలో చెప్పమని వాళ్లనే అడిగినా ఒకసారి మీరూ లెక్క చూసుకోండి. 4 మీటర్లు, 3 మీటర్లు ఉన్న గది, ఎత్తు 3 మీటర్లు అనుకుంటే నాలుగు గోడల చుట్టుకొలత 14, విస్తీర్ణం 42 చదరపు మీటర్లు. తలుపుకీ కిటికీకీ కలిపి 4 తీసేస్తే 38. పెయింట్ రెండుసార్లు వేయాలి కాబట్టి 76. నునుపైన గోడ మీద లీటరు పెయింటు ఒక కోటుకి దాదాపు 10 నుంచి 12 చదరపు మీటర్లు వస్తుంది, అంటే 8 లీటర్లు తెస్తే సరి. ఎవరైనా 15 లీటర్లు రాసిస్తే ఎందుకో అడగొచ్చు. టైల్స్ తిన్నగా వేస్తే 10 శాతం, ఐమూలగా వేస్తే 15 శాతం ఎక్కువ తెచ్చుకోండి, పెట్టెల మీద బ్యాచ్ నంబరు ఒకటే ఉందో లేదో దించుకునేటప్పుడే చూడండి. తక్కువై మళ్లీ వెళ్తే అదే రంగు దొరక్కపోవచ్చు.

ఆరో పని: రాసుకోవడం

స్టాంపు పేపర్లు అక్కర్లేదు, ఒక పేజీ చాలు. పేజీ కూడా కష్టమనుకుంటే మాట్లాడుకున్నదంతా వాట్సాప్‌లో టైప్ చేసి పంపి, "సరే" అనే జవాబు తెప్పించుకోండి. అందులో ఉండాల్సినవి: ఏ పని, ఏ పని కాదు, రేటు, కొలిచే పద్ధతి, మెటీరియల్ ఎవరిది, మొదలు పెట్టే తేదీ, ఎన్ని రోజులు, ఎప్పుడెప్పుడు ఎంత డబ్బు, పక్కవాడి పని పాడైతే ఎవరు బాగు చేయించాలి. ఈ చివరిది ఎవరూ రాయరు, నేను రాస్తాను. వడ్రంగి మెషిన్ లాగుతుంటే కొత్త నేల మీద గీత పడుతుంది, పెయింటర్ చుక్కలు అల్మరా మీద పడతాయి, అప్పుడు ఆ వాక్యం ఉపయోగపడుతుంది.

మధ్యలో ఎక్స్‌ట్రా పని రాకుండా ఉండదు. వచ్చినప్పుడు రేటు ముందే మాట్లాడుకుని అదే చాట్‌లో పెట్టండి, చేసేశాక అడిగితే వాళ్లు చెప్పిందే రేటు.

కొత్త మనిషైతే ముందు చిన్న పని ఒకటి ఇచ్చి చూడటం మంచి అలవాటు. బాల్కనీ టైల్స్, ఒక గది పెయింట్, ఒక అల్మరా తలుపు లాంటిది. చేతి పనితో పాటు చెప్పిన టైముకి వస్తాడా, వెళ్లేటప్పుడు ఊడ్చి వెళ్తాడా అన్నది కూడా తెలుస్తుంది.

ఏడో పని: డబ్బు

సూత్రం ఒకటే, మనం ఇచ్చింది ఎప్పుడూ అయిన పని కన్నా ముందుకి పోకూడదు. బయానా చిన్నదిగా ఉండాలి. తర్వాత వాయిదాలు తేదీలకి కాదు, కంటికి కనిపించే దశలకి కట్టండి. ప్లంబర్‌కైతే పైపులు వేసి ప్రెషర్ టెస్ట్ అయ్యాక ఒకటి, కుళాయిలు బిగించాక ఒకటి. ఆఖరున ఒక 10 శాతం పని పూర్తయిన కొన్ని వారాల తర్వాత ఇస్తానని మొదటి రోజే చెప్పేయండి. చివర్లో చెప్తే అది కోత అనిపిస్తుంది, మొదట్లో చెప్తే పద్ధతి అవుతుంది.

అలాగే పని సరిగ్గా అయిన రోజు డబ్బు ఆపకండి. రోజూ కూలీల చేతికి ఇవ్వాల్సిన మనిషిని రేపు మాపు అని తిప్పితే, రెండో రాకకి పిలిచినప్పుడు అతను మనల్ని తిప్పుతాడు.

ఎనిమిదో పని: పని నడుస్తున్నప్పుడు

మొదటి రోజే అన్ని గోడల మీదా నేల ఫైనల్ లెవెల్ నుంచి సరిగ్గా 1 మీటరు ఎత్తులో గీత కొట్టించండి. నీళ్ల ట్యూబుతోనో లేజర్‌తోనో, ఇల్లంతా ఒకటే గీత. ప్లంబర్, ఎలక్ట్రీషియన్, టైల్స్ మేస్త్రీ, వడ్రంగి, అందరూ కొలతలు ఆ గీత నుంచే తీసుకోవాలి. నేల ఇంకా వేయలేదు కాబట్టి ఒక్కొక్కరూ ఒక్కో నేలని ఊహించుకుని కొలుస్తుంటారు, ఆ గీత ఉంటే ఊహలుండవు. అలాగే ఒకరు దిగిపోయి ఇంకొకరు ఎక్కే రోజున ఇద్దరినీ ఒక అరగంట కలిపి నిలబెట్టండి. మా కమోడ్ దగ్గర ప్లంబర్‌నీ టైల్స్ మేస్త్రీనీ పది నిమిషాలు ఎదురెదురుగా నిలబెట్టి ఉంటే సరిపోయేది.

ఇక మూసేసే ముందు చేయాల్సిన పరీక్షలు. గోడ పూడ్చకముందే పైపుల్లో నీళ్లు నింపి చేతిపంపుతో మామూలు ప్రెషర్‌కి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, గేజ్ ముల్లు దిగుతుందేమో కొన్ని గంటలు చూడాలి. బాత్రూమ్‌కి వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక ట్రాప్ (నేల మీద నీళ్లు బయటికి పోయే చోటు) మూసేసి నీళ్లు నిలబెట్టి, నీటి మట్టం దగ్గర పెన్సిల్ గీత పెట్టి, కనీసం 24 గంటలు, వీలైతే 48 ఉంచి, కింద అంతస్తు సీలింగ్ తడిసిందేమో చూడాలి. ఈ పరీక్ష టైల్స్‌కి ముందే జరగాలి, తర్వాత కారితే ఎవరిదో ఎవరూ ఒప్పుకోరు. టైల్స్ వేశాక ఒక బకెట్ నీళ్లు గుమ్మం దగ్గర పోయండి, వాటం సరిగ్గా ఉంటే అన్నీ ట్రాప్‌లోకే పోతాయి. మీటరుకి 1 నుంచి 2 సెంటీమీటర్ల వాటం ఉండాలి. నాణెంతో టైల్స్ తట్టుకుంటూ పోతే కింద బోలుగా ఉన్నది డొల్ల శబ్దం చేస్తుంది, వాటి మీద మార్కర్‌తో గుర్తు పెట్టండి. ఎలక్ట్రీషియన్‌తో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించి, టెస్ట్ బటన్ నొక్కి మీ ముందే ట్రిప్ అయ్యేలా చూపించమనండి.

పూడ్చే ముందు ప్రతి గోడకీ టేపు ఆనించి ఫోటోలు తీసుకోవడం మర్చిపోవద్దు. ఏ పైపు ఎక్కడ, ఏ వైరు ఎక్కడ. రెండేళ్ల తర్వాత అద్దం తగిలించడానికి డ్రిల్ పట్టుకున్నప్పుడు ఆ ఫోటోలే దిక్కు.

మధ్యలో ఎవరైనా రావడం మానేస్తే

జరుగుతుంది. రెండు రోజులు ఆగి, ఎప్పుడొస్తారో తేదీ అడుగుతూ మెసేజ్ పెట్టండి. ఆ తేదీకీ రాకపోతే ఇంకో మనిషిని చూసుకుంటానని ఇంకో మెసేజ్. అప్పటిదాకా అయిన పని ఫోటోలు తీసి, కొలతలు వేసి, లెక్క పంపండి. కొత్తగా వచ్చినవాడు పాతవాడి పని మొత్తం తప్పంటాడు, సగం నమ్మండి చాలు. మీరు పని కన్నా ముందు డబ్బు ఇచ్చి ఉండకపోతే ఇది చికాకే తప్ప నష్టం కాదు.

ఆఖరి రోజు

పగటి వెలుతురులో ఇల్లంతా తిరిగి, మిగిలిన చిన్నచిన్న లోపాలకి మాస్కింగ్ టేపు ముక్కలు అంటించి నంబర్లు వేయండి. ఎవరి నంబర్లు వాళ్లకి పంపండి. రెండు పనులు కలిసే చోట ఉన్న లోపాలకి, అంటే తలుపు ఫ్రేము పక్క పగులు, సింకు చుట్టూ సిలికాన్, స్విచ్‌బోర్డు చుట్టూ సందు లాంటి వాటికి, మొదటి రోజు రాసుకున్న కాగితం తీసి ఎవరి పేరుందో చూపిస్తే చాలు. నా రెండో బాత్రూమ్ అప్పుడు 23 టేపు ముక్కలు అంటించాను. అందులో వాదన జరిగింది ఒక్కదాని మీదే, ఎగ్జాస్ట్ ఫ్యాన్ చిల్లు చుట్టూ సిమెంటు ఎవరు పూయాలి అని. కాగితంలో అది రాయడం మర్చిపోయాను. నేనే తాపీ పట్టుకుని పూశాను, వంకరగానే ఉంది, ఇంకా అలాగే ఉంది.